తొమ్మిదో నంబర్ రైఫిల్‌ను సరిచేసిన ఉస్తాద్

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు మండలాఫీసులో పనిలో ఉండగా తెలిసింది. కోరుట్లలో ఆయన దుకాణం పక్కన బట్టలు కుట్టే దర్జీ ఫోన్ చేశాడు. "పొద్దుగాల పోయిండు సార్. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక మట్టి. అస్తరా?" అన్నాడు. వస్తానన్నాను. కోనరావుపేట నుంచి రుద్రంగి మీదుగా బండి మీద పోయేసరికి జనం ఖబ్రస్తాన్ నుంచి వెనుదిరుగుతున్నారు. ఇంకా తడిగా ఉన్న మట్టి మీద నా వంతు మూడు పిడికిళ్లు వేశాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర పదమూడేళ్లుగా ఉంది. ఆయన కోరుట్లలో, నేను మొదట సిరిసిల్లలో, తర్వాత కోనరావుపేటలో. ఎక్కువ దూరం కాదు. పండక్కి పోయాను, పెళ్లికి పోయాను, ఊరికే కూడా పోయాను. ఆ మాట మాత్రం చెప్పలేదు. ఇక ఆయన వినరు కనుక మీకు చెబుతున్నాను.

మా నాయన సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు. నేను జగిత్యాలలో డిగ్రీ చదివాను, హాస్టల్లో ఉండి. ఎన్‌సీసీలో చేరింది దేశభక్తితో కాదు. పరేడ్ అయ్యాక రెండు సమోసాలు, ఒక అరటిపండు ఇచ్చేవారు. కాలేజీలో తుపాకులు దాచే గదిని కోత్ అంటారు. అందులో పది రైఫిళ్లు ఉండేవి. పాయింట్ టూ టూ అంటారు, చిన్న గోలీవి. వాటితో ఇరవై అయిదు గజాల దూరాన కాగితం మీద కాల్చడం నేర్పుతారు. మా ఎన్‌సీసీ సారు ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్. ఆయనకు తుపాకి చప్పుడంటేనే సరిపడదు. రైఫిళ్లు తుప్పు పట్టకుండా ఉంటే చాలనుకునేవారు.

ఉస్తాద్ మాకు దొరికింది కుట్టుమిషను వల్ల. సారు ఇంట్లో మిషను చెడిపోతే కోరుట్ల నుంచి బాగుచేసే మనిషిని పిలిపించారు. ఆయన పని చేస్తూ మాటల్లో తాను మిలిటరీలో ఆర్మరర్‌గా పనిచేశానని, తుపాకులు బాగుచేయడమే తన పని అని చెప్పారట. సారు ఆయనను వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చారు. అప్పటి నుంచి మంగళవారం, శనివారం ఉస్తాద్ బస్సు దిగి కోత్‌కు వచ్చేవారు. జీతం లేదు. ఆర్డరు లేదు. సారు నోటిమాట మీద వచ్చేవారు. కాగితం లేకుండా వచ్చే మనిషిని ఆపడానికి కూడా కాగితం అక్కర్లేదని అప్పుడు మాకు తోచలేదు.

పది రైఫిళ్లలో తొమ్మిదో నంబర్ అన్నింటికన్నా అధ్వానం. అయిదు గోలీలు కాలిస్తే అయిదు దిక్కులకు పోయేవి. అందరూ దాన్ని తప్పించుకునేవాళ్లు. నేను ఆలస్యంగా వచ్చేవాణ్ణి కనుక నాకు అదే మిగిలేది. నాకు చూపు లేదని, చెయ్యి వణుకుతుందని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. "నీ ముంగట నిలబడేకన్నా టార్గెట్ పక్కకు నిలబడుడే ఖతర్నాక్" అనేవాడు ఒకడు.

ఉస్తాద్ మొదటి రోజు దాన్ని విప్పలేదు. గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకుని, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, అయిదు గోలీలు కాల్చారు. నడుచుకుంటూ పోయి కాగితం చూశారు. చాలాసేపు చూశారు.

"పోరని తప్పు గాదు" అన్నారు సారుతో. "దీన్దే తప్పు. అయిదు మాట్ల అయిదు రకాలు మాట్లాడుతున్నది. ముందుగాల ఒక్క మాట మీదికి తేవాలె."

నన్ను ఎవరో వెనకేసుకురావడం ఆ కాలేజీలో అదే మొదటిసారి.

తర్వాతి మంగళవారం దాన్ని విప్పారు. విప్పిన స్క్రూలు కింద పెట్టేవారు కాదు. తలమీది టోపీ తీసి వెల్లకిలా పెట్టి అందులో వేసుకునేవారు. న్యూస్ పేపరు సన్నటి పట్టీగా చింపి, గొట్టానికీ కింది కట్టెకూ మధ్య పెట్టి లాగారు. మూతి దగ్గర సులువుగా కదిలింది. మధ్యకు వచ్చేసరికి ఆగిపోయింది.

"చూసినవా? వానకాలం కట్టె ఉబ్బింది. గొట్టాన్ని పక్కకు నూకుతున్నది. గోలీ పోయేటప్పుడు గొట్టం వణుకుతది బేటా. దాన్ని ఎవ్వలు ముట్టద్దు."

పెన్సిల్‌కు గరుకు కాగితం చుట్టి కట్టెను లోపల రుద్దడం మొదలుపెట్టారు. నాలుగు రుద్దులు, మళ్లీ పేపరు పట్టీ. మళ్లీ నాలుగు రుద్దులు. మధ్యాహ్నం జొహర్ అజాన్ వినపడితే ఆపి, చేతులు కడుక్కుని, షెడ్డు వెనక నమాజు చేసుకుని వచ్చి మళ్లీ కూర్చునేవారు. మూడు వారాలు అదే పని. నాకు ఓపిక పోయింది.

"ఉస్తాద్, వడ్లోళ్ల రంద పెడితే ఒక్క గడియల అయిపోతది గద?"

"నీ గడ్డం రందతోని గీక్కుంటవా?"

సారు కూడా నవ్వారు.

స్క్రూల సంగతి నాకు బాగా గుర్తు. బిగించాక స్క్రూ తల మీద ఒక గీత, పక్కన ఇనుము మీద ఒక గీత గీశారు. ఎప్పుడు విప్పి బిగించినా రెండు గీతలూ కలిసే దగ్గర ఆపాలి. ఒకరోజు నేను కాస్త ఎక్కువ తిప్పాను. గట్టిగా ఉంటే మంచిదే కదా అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ నా చేతిలో నుంచి తీసుకున్నారు.

"మీ నాయిన సాంచెకు బోల్టు గిట్లనే బిగిస్తడా? పోయి అడుగు."

ఆ ఆదివారం సిరిసిల్ల పోయినప్పుడు అడిగాను. మా నాయన సాంచె ఆపకుండానే, అటూ ఇటూ ఉరికే నాడె మీద నుంచి చూపు తీయకుండా, ఆ చప్పుడులో అరిచి చెప్పాడు. "ఎక్కువ బిగిస్తే కట్టె పలుగుతది. తక్కువైతే నాడె ఎగిరి మొఖం మీద పడ్తది. ఎవలడుగుమన్నరు?"

"మా ఉస్తాద్."

"పని తెల్సినోడే" అన్నాడు మా నాయన. మా నాయన ఎవరి గురించీ అంతకన్నా ఎక్కువ చెప్పడు.

గొట్టం తుడవడానికి మెత్తటి బట్ట కావాలంటే, మాది సిరిసిల్ల కదా, నేను తెస్తానని గొప్పగా చెప్పాను. సంచి నిండా ముక్కలు తెచ్చాను. ఆయన ఒక ముక్క తీసి వేళ్ల మధ్య రుద్ది, నూనెలో ముంచి, పైకెత్తి చూశారు. నూనె చుక్కలు చుక్కలుగా జారిపోయింది.

"పాలిస్టర్ గదరా గిది! బట్టలూరోనివి, బట్ట తెల్వదా నీకు?"

నాకు నిజంగానే తెలియదు. మా ఇంట్లో నేసేదంతా అదే. బట్ట అంటే అదే అనుకున్నాను. ఆయన మరుసటి వారం తన పాత నూలు లుంగీ చింపి తెచ్చారు. బట్టను మూతి వైపు నుంచి కాకుండా గోలీ పెట్టే వైపు నుంచి తోయాలని చూపించారు. మూతి అంచు అరిగితే గోలీ బయటికి పోయేటప్పుడే తప్పుదారి పడుతుందట. తుడిచాక మొదటి గోలీని లెక్కలోకి తీసుకోవద్దని, దాన్ని టార్గెట్ వెనక మట్టికట్టలోకి కాల్చెయ్యమని చెప్పారు. గోలీల డబ్బాల మీది నంబర్లు చూసి వేరు చేసి పెట్టారు. "ఒక్క కాన్పు గోలీలే పెట్టు. వేరే కాన్పువి కలుపకు."

నాది ఇంకో జబ్బు. ఒక గోలీ ఎడమకు పడితే రెండోది కుడికి గురి పెట్టేవాణ్ణి. ఆయన నా పక్కనే నేల మీద పడుకుని చెప్పేవారు. "గోలీ ఎంబడి ఉరుకకు. అయిదూ ఒక్క తావునే తప్పు పడనీయ్. గా తప్పును నేను జరుపుత." అన్నట్టే, అయిదూ ఒకచోట పడడం మొదలయ్యాక, ముందున్న గురిముక్కను సుతారంగా జరిపి, ఆ గుంపు మొత్తాన్ని నడిమధ్యకు తెచ్చారు.

ఒక శనివారం అయిదు గోలీల గుర్తుల మీద రూపాయి బిళ్ల పెడితే అన్నీ దాని కిందికి పోయాయి. మేము కేకలు పెట్టాం. ఉస్తాద్ కేక పెట్టలేదు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"దీన్ది అయిపోయింది" అన్నారు రైఫిల్ చూపించి. "ఇగ మిగిలిన తప్పు నీదే."

హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్ ఉందని, నన్ను, తొమ్మిదో నంబర్‌ను పంపుతామని సారు చెప్పారు. ఉస్తాద్‌కు కూడా పర్మిషన్ రాయిస్తాం, వెంట వస్తారు అన్నారు. ఉస్తాద్ ఆ వారం కొత్త చెప్పులు కొనుక్కున్నారు.

అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు ఆగాయి. బళ్లు మూతపడ్డాయి. రోజూ ర్యాలీలు, రాస్తారోకోలు. మేమంతా అందులోనే ఉన్నాం. ఉండకుండా ఎవరుంటారు? చౌరస్తాలో వంటావార్పు పెట్టాం. రోడ్డు మధ్య రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజుల్లో పప్పు, అన్నం. పోయే వచ్చే వాళ్లంతా అక్కడే తినడం. ట్రాలీ ఆటో మీద మైకు. ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడుతున్నారు. హాస్టల్ దోస్తు ఒకడు నన్ను పైకి నెట్టాడు. "గురి ఉన్నోడు అన్నా, మాట్లాడనీయ్‌రి" అన్నాడు.

నాకు మాట్లాడడం రాదు. నా ముందు మాట్లాడినవాళ్లు మంచి మంచి మాటలన్నీ అనేశారు. నాకు మిగిలింది ఉస్తాద్ గొప్ప ఒకటే. అది చెప్పాను. "మాకు కోరుట్ల నుంచి ఉస్తాద్ వస్తడు. ఆయన చేతుల పడితే తుప్పు పట్టిన తుపాకి సుత సూటిగ కొడ్తది. మాతాన తుపాకులు లెవ్వనుకుంటుండ్రేమో, కాల్చుడు మాకు రాదనుకుంటుండ్రేమో!" అన్నాను. ఈలలు వేశారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పాను, ఉస్తాద్ పూర్తి పేరుతో సహా.

మా దగ్గర ఉన్నవి పది పిల్ల తుపాకులు. వాటి బోల్టులు కూడా తీసి వేరే బీరువాలో తాళం వేసేవారు. అది నాకు తెలుసు. ఈలలు వేసినవాళ్లకు తెలియదు. ఆటో పక్కన మఫ్టీలో నిలబడి రాసుకునేవాళ్లకు తెలిసినా వాళ్లకది అక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత పోలీసులు ఉస్తాద్‌ను దుకాణం నుంచి తీసుకుపోయారు. పొద్దున తీసుకుపోయి సాయంత్రం వదిలారు. మరునాడు మళ్లీ పిలిచారు. కొట్టలేదట. బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారట. ఎవరి తుపాకులు బాగుచేశావు, అడవిలోవాళ్లు వచ్చారా, దుకాణానికి ఎవరెవరు వస్తారు. ఆయన పేరును బట్టి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి కదా, అవి కూడా అడిగారట. దేశం కోసం తుపాకులు బాగుచేసిన మనిషిని, మీ చుట్టాలు ఏ దేశంలో ఉన్నారని అడిగారట. బాగుకు వచ్చిన కుట్టుమిషన్లన్నీ విప్పి వెతికారు. వాళ్లు పోయాక వాటిని మళ్లీ బిగించుకోవడం ఆయన పనే అయింది. ఇవన్నీ నాకు దర్జీ చెప్పినవి. ఉస్తాద్ ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత చాలా నెలలు ఆడవాళ్లు ఆయనకు మిషన్లు ఇవ్వడం మానేశారని కూడా దర్జీయే చెప్పాడు.

కాలేజీలో తరగతులు లేకపోయినా కోత్‌కు వచ్చే ఎన్‌సీసీ సారు ఒక్కమాట అన్నారు. "బయటోళ్లను కోత్ల అడుగు పెట్టనియ్యద్దన్నరు." ఎవరన్నారని నేను అడగలేదు. ఆ మైకులో మాట్లాడింది నేనే, ఆయనకేం సంబంధం లేదని సారుతో చెప్పి ఉండవచ్చు. ఎస్సై దగ్గరికి పోయి చెప్పి ఉండవచ్చు. చెబితే నా పేరు సెలెక్షన్ నుంచి పోతుంది. అంతే సంగతి. వేరే కారణం లేదు.

తర్వాతి శనివారం ఉస్తాద్ వచ్చారు. బస్సుల్లేవు. ఎవరి బండి మీదనో వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. నన్ను పిలిపించారు. గేటుకు అటు ఆయన, ఇటు నేను. ఆయన కాళ్లకు కొత్త చెప్పులు.

"సెలెక్షన్ అయ్యేదాంక స్క్రూలు ముట్టకు. ఎవ్వల్ని ముట్టనియ్యకు. గీతలు చూసుకో. గోలీలు నేను వేరే పెట్టిన డబ్బాలయే తీస్కపో. సమజైందా?"

"అయింది ఉస్తాద్." నాకు ఏమీ తెలియనట్టు అడిగాను. "మిమ్ముల ఎందుకు రానిస్తలేరు ఉస్తాద్?"

ఆయన నా ముఖం వైపు చూశారు. కాగితం మీద గోలీ గుర్తులు చూసినట్టే, చాలాసేపు చూశారు.

"పెద్దసార్లకు తెల్సు" అన్నారు. వాచ్‌మన్‌కు సలాం చెప్పి పోయారు.

రైఫిల్‌ను ఎన్‌సీసీ యూనిట్ జీపులో ముందే పంపారు. నేను కూరగాయల లారీ పట్టుకుని హైదరాబాద్ పోయాను. ఆయన చెప్పినట్టే చేశాను. మొదటి గోలీ మట్టిలోకి కాల్చాను. ఏ గోలీ వెంటా ఉరకలేదు. జట్టులోకి ఎంపికయ్యాను. పక్క జిల్లాల వాళ్లు రైఫిల్ తీసుకుని చూసి, ఎవరు ట్యూన్ చేశారని అడిగారు. యూనిట్‌లోనే చేశారని చెప్పాను. ఆ సర్టిఫికెట్ మీదనే తర్వాత స్పోర్ట్స్ కోటాలో నాకీ కొలువు వచ్చింది.

తొమ్మిదో నంబర్ సంగతి కూడా చెప్పాలి. మరుసటి ఏడు ఇన్‌స్పెక్షన్ ఉందని పది రైఫిళ్లనూ విప్పి కట్టెలకు మందంగా వార్నిష్ వేయించారు. స్క్రూలు బలం కొద్దీ బిగించారు. గీతలు వార్నిష్ కింద పోయాయి. పదీ అద్దాల్లా మెరిశాయి. కాలేజీకి మెచ్చుకోలు కూడా దక్కింది. తొమ్మిదో నంబర్‌వి అయిదు గోలీలూ మళ్లీ అయిదు దిక్కులకు పోయాయి. పనికిరానిదని రాసి డిపోకు పంపేశారు. ఉస్తాద్ కలిసినప్పుడల్లా అడిగేవారు. "తొమ్మిదో నంబర్ ఎట్లున్నదిరా?" మంచిగనే కొడుతున్నదని చెప్పేవాణ్ణి.

తెలంగాణ వచ్చింది. మైకు దగ్గర నిలబడినవాళ్లలో కొందరు పెద్దవాళ్లయ్యారు. కొందరు శాలువాలు కప్పించుకున్నారు. నాకూ ఒకటి కప్పారు. చాలా ఏళ్లకు, ఉద్యమంలో కేసులైనవాళ్లకు ప్రభుత్వం ఏదో ఇస్తుందన్న మాట వచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీలు పట్టుకుని జనం మా ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. నాకు ఉస్తాద్ గుర్తొచ్చారు. ఆ ఆదివారం కోరుట్ల పోయాను. దుకాణంలో ఒక మిషను ముందు వేసుకుని, టోపీలో స్క్రూలు పోసుకుని కూర్చున్నారు. ఊపిరి అందడం లేదు. రెండు మాటలకోసారి ఆగుతున్నారు.

"ఉస్తాద్, మీరు సుత అప్లికేషన్ పెట్టుండ్రి. అప్పుడు మిమ్ముల ఠాణాకు తీస్కపోయిండ్రు గద. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉన్నదా?"

"లేదు. రాయలే."

"నేను చూస్త. ఏదన్న కాగితం పుట్టిద్దాం. మీరు సుత ఉద్యమం చేసినోళ్లే గద."

ఆయన స్క్రూ బిగించడం పూర్తి చేశారు. చెయ్యి తుడుచుకున్నారు.

"నేనెక్కడ చేసిన బేటా? నీ నోరు చేసింది."

దర్జీ పక్క దుకాణంలో మిషను ఆపాడు. ఉస్తాద్ కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు. చెప్పి, నా వైపు చూసి ఆగారు. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నారని. అప్పుడు నేను గోడ మీది గడియారం చూశాను. "బస్సు టైమైంది ఉస్తాద్" అన్నాను. "పో మరి" అన్నారు.

మళ్లీ నేను ఆయనను చూడలేదు.

మట్టి అయిన నాలుగో రోజు వాళ్లింటికి పోయాను. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్‌లో ఉన్నారు కనుక ఉస్తాద్ భార్య బయటి మగవాళ్ల ఎదుటికి రారు. రెండు గదుల మధ్య పరదా కట్టి ఉంది. నన్ను ఇవతల చాప మీద కూర్చోమన్నారు. అవతల ఆమె బీడీల ఆకు కత్తిరిస్తున్నట్టుంది, కత్తెర చప్పుడు వినపడుతోంది. మనిషి పోయినా ఆ పని ఆగదు. ఉస్తాద్ బిడ్డ చాయ్ తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

"చాచీ, మీకొక మాట చెప్పాలె" అన్నాను. "అప్పుడు ఉస్తాద్‌ను పోలీసులు తీస్కపోయింది నా వల్లనే. మైకుల నేను..."

"తెల్సు."

కత్తెర ఆగలేదు.

"ఉస్తాద్ చెప్పిండా?"

"ఠాణాలనే నీ పేరు చదివి వినిపిచ్చిండ్రట. ఇంటికచ్చి చెప్పిండు. నేను జగిత్యాలకచ్చి నిన్ను నిలదీస్త అన్న. వద్దన్నడు. పోరనికి సెలెక్షన్ ఉన్నది, చెయ్యి వణుకుతది, ఏమనకు అన్నడు. అయినంక వాడే అచ్చి చెప్తడు, చూడు అన్నడు." ఇంకో ఆకు తెగింది. "ఎన్నేండ్లాయె?"

"పదమూడు."

"పదమూడేండ్లు చూసిండు. నువ్వచ్చినప్పుడల్లా, గీసారి చెప్తడు అనెటోడు. నువ్వు పోయినంక నేను ఆయన మొఖం దిక్కు చూసేదాన్ని."

"మాఫ్ చెయ్యుండ్రి చాచీ."

కత్తెర ఆగింది.

"ఆయన చేసిండో లేదో నేను అడుగలే. నేనైతే చెయ్యలే. చాయ్ చల్లారుతది, తాగు."

చాయ్ తాగాను. పైన మీగడ కట్టింది. దాంతో సహా తాగాను. ఖాళీ కప్పు పరదా అంచు దగ్గర పెట్టాను. కింద నుంచి గాజుల్లేని చెయ్యి ఒకటి వచ్చి కప్పును లోపలికి తీసుకుంది. అవతల ఆకు కత్తిరించే చప్పుడు మళ్లీ మొదలైంది.